తెలుగు చదవడంలో తడబాటు తగ్గాలంటే: ఇంట్లో రోజూ 20 నిమిషాల సాధన

“గుణింతాలన్నీ గడగడా అప్పజెబుతుంది, పుస్తకం చేతికిస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది.” ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలున్న ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఇది. ఇందులో వింతేమీ లేదు. అప్పజెప్పడం నోటికీ చెవికీ సంబంధించిన పని. క, కా, కి, కీ అని వరుస అందుకుంటే ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చేస్తాయి. పుస్తకంలో ఆ వరుస ఉండదు. ‘కొంగ’ అన్న మాటలో కొ ముందు కై లేదు, వెనక కో లేదు. ఏ ఆసరా లేకుండా కన్ను ఒక్క చూపులో కొ అని గుర్తుపట్టాలి. అదే ఇంకా అలవడలేదు.

ధారాళంగా చదవడమంటే వేగంగా చదవడం అనుకోవద్దు. తప్పు పోకుండా, అనవసరంగా ఆగకుండా, అర్థం తెలిసేలా గొంతు కదుపుతూ చదవడం. మూడూ కలిస్తేనే ధార. మనసుకు ఒకసారి పట్టే బరువు కొంతే. అది మొత్తం అక్షరాలను పోల్చుకోవడానికే ఖర్చయితే అర్థానికి ఏమీ మిగలదు. తెలుగులో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే క్రియ వాక్యం చివర్లో వస్తుంది. కూడబలుక్కుంటూ ‘వెళ్ళాడు’ దాకా వచ్చేసరికి ఎవరు వెళ్ళారో, ఎక్కడికి వెళ్ళారో పిల్లవాడు మరిచిపోతాడు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల కోసం. అచ్చులు, హల్లులు చాలావరకు వచ్చి, గుణింతాలు సగం సగంగా, ఒత్తులు అరకొరగా వచ్చినవాళ్ళకు ఇది సరిపోతుంది. అక్షరాలే రాని పిల్లలకు ముందు అక్షరాలు నేర్పాలి. అలాగని ఙ, ఞ, ౠ లాంటివి రాలేదని పుస్తకం ఆపకండి. పిల్లల కథల్లో అవి విడిగా దాదాపు కనిపించవు.

ముందు ఎక్కడ ఆగుతున్నారో చూడండి

నేర్పడం మొదలుపెట్టేముందు ఒక పది నిమిషాలు వినండి, అంతే. బిడ్డ ఇంతకుముందు చదవని కథలోంచి 50, 60 మాటల ముక్క ఎంచుకోండి. అదే ముక్క మీరు వేరే కాగితం మీద రాసుకుని పెన్సిల్‌తో కూర్చోండి. చదువుతుంటే సరిదిద్దకండి, మొహం చిట్లించకండి. మూడు సెకన్లకు మించి ఆగిన చోట ఒక చుక్క, తప్పు చదివిన చోట ఆ మాట కింద గీత పెట్టి పైన ఏమని చదివారో రాయండి, వదిలేసిన మాటకు సున్న చుట్టండి. పూర్తయ్యాక “ఏం జరిగింది ఇందులో?” అని ఒక్క ప్రశ్న అడగండి.

తర్వాత తీరిగ్గా ఆ గుర్తులను వేరుచేయండి. తప్పులు సాధారణంగా ఈ గుంపుల్లో ఏదో ఒకదానిలో పడతాయి:

- పోలిక ఉన్న అక్షరాలు: ప, ష, స, ద, ధ, థ, డ, ఢ, మ, వు. ‘ఆవు’ను ‘ఆమ’ అని చదవడం ఇలాంటిదే.
- పొట్టి, పొడుగు: ‘పాలు’ను ‘పలు’ అని, ‘మేడ’ను ‘మెడ’ అని.
- ఒత్తులు: ‘ఎక్కి’ని ‘ఎకిక’ అని, లేదా ఒత్తు పూర్తిగా మింగేసి ‘ఎకి’ అని.
- సున్న: ‘పండు’ను ‘పమ్‌డు’ అని.
- పొడవు మాటలు: మొదటి రెండక్షరాలు చదివి మిగతాది ఊహించేయడం.

ఎక్కువ గీతలు ఏ గుంపులో పడ్డాయో మొదటి రెండు వారాలు అక్కడే పనిచేయండి. అన్నీ ఒకేసారి బాగుచేయాలని కూర్చుంటే ఏదీ బాగుపడదు. ఈ కాగితాన్ని తేదీ వేసి ఒక నోట్‌బుక్కులో అంటించి దాచండి. దీనితో తర్వాత పని ఉంది.

ఇంకొకటి. బిడ్డ పుస్తకాన్ని మొహానికి బాగా దగ్గరగా పెట్టుకుంటున్నా, ఒక పంక్తి చదివాక కింది పంక్తి మొదలు దొరక్క వెతుక్కుంటున్నా, మీరు వెనక నుంచి పిలిస్తే తరచూ పలక్కపోయినా ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. కనిపించని అక్షరాన్ని సాధనతో చదివించలేం.

పుస్తకం ఎంపిక

పిల్లల చదువు నిలబడేదీ జారిపోయేదీ చాలాసార్లు ఇక్కడే. వంద మాటల్లో ఐదుకు మించి తప్పులు పోకపోతే ఆ పుస్తకం సొంతంగా చదువుకోవచ్చు. ఆరు నుంచి పది దాకా పోతే మీరు పక్కన కూర్చుని చదివించడానికి తగినది. పది దాటితే అది మీరు చదివి వినిపించే పుస్తకం. బిడ్డ ‘ఇంకా చిన్నపిల్లల పుస్తకాలే’ చదువుతోందని దిగులు పడకండి. తేలిక పుస్తకాలు చాలా చదవడం వల్లే ధార వస్తుంది.

అచ్చు తీరు కూడా చూడాలి. తెలుగు పంక్తికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు వేలాడుతాయి. పంక్తులు ఇరుగ్గా ఉంటే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతూ కనిపిస్తుంది, పిల్లల కన్ను అక్కడే చిక్కుకుంటుంది. మీరే టైపు చేసి ప్రింటు తీస్తే అక్షరం 20 పాయింట్లు, పంక్తుల మధ్య ఎడం కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి తేటైన ఫాంట్లు వాడండి. లక్కిరెడ్డి లాంటి చేతిరాత తరహా ఫాంట్లు పెళ్ళిపత్రికలకు బాగుంటాయి గానీ కొత్తగా చదివేవాళ్ళకు వద్దు.

పుస్తకాలు కొనలేకపోయినా దారి ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు కూడా తీసుకోవచ్చు. ఒక జాగ్రత్త: వాటిలో చాలా కథలు వేరే భాషల నుంచి వచ్చిన అనువాదాలు. మొదటి స్థాయి అని రాసి ఉన్నంత మాత్రాన ఒత్తులు తక్కువుంటాయని కాదు. ఇచ్చేముందు రెండు పేజీలు తిప్పి చూడండి. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు పిల్లల పుస్తకాలు కూడా తక్కువ ధరకే వస్తాయి.

రోజూ 20 నిమిషాలు: దేనికి ఎంత

మూడు నిమిషాలు అక్షరాల పని, పది నిమిషాలు ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ చదవడం, ఏడు నిమిషాలు మీరు చదువుతుంటే బిడ్డ వినడం. వారానికి ఐదు రోజులు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ 20 నిమిషాలు ఎన్నో రెట్లు మేలు. బడి నుంచి రాగానే, ఆకలి మీద వద్దు. ఏదైనా తిని, కాసేపు ఆడుకున్నాక మొదలుపెట్టండి.

ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ చదివించే పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో జే శామ్యూల్స్ అనే విద్యా పరిశోధకుడు 1979లోనే దీన్ని వివరంగా రాశారు. 50 నుంచి 200 మాటల ముక్క తీసుకుని, తడబాటు పోయేదాకా అదే చదివించి, తర్వాత కొత్త ముక్కకు వెళ్ళడం. అక్కడ తేలిన విషయం ఏమిటంటే, ఒక ముక్కలో సంపాదించిన సులువు తర్వాతి కొత్త ముక్కకు కూడా కొంత అందుతుంది. తెలుగులో మాట పొడవు ఎక్కువ కాబట్టి 30, 40 మాటలతో మొదలుపెట్టడం మంచిది. నమూనాకు ఒకటి:

“రాము తాతయ్యతో కలిసి చెరువుగట్టుకు వెళ్ళాడు. గట్టు మీద పెద్ద మర్రిచెట్టు ఉంది. చెట్టుకొమ్మ మీద కొంగ ఒకటి నిలబడి ఉంది. అది కదలకుండా నీళ్ళలోకి చూస్తోంది. ‘తాతయ్యా, కొంగ నిద్రపోతోందా?’ అని రాము అడిగాడు. తాతయ్య నవ్వి, ‘కాదు నాయనా, చేప కోసం ఎదురుచూస్తోంది’ అన్నాడు.”

ఇందులో 34 మాటలున్నాయి. దీన్ని నాలుగు రోజులు ఇలా చదివించండి.

మొదటి రోజు: చదవకముందే రెండు నిమిషాలు కబుర్లు చెప్పండి. చెరువుగట్టు అంటే ఏమిటి, కొంగను ఎక్కడైనా చూశావా, ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుంది? మాట ముందే చెవిన పడి ఉంటే కన్ను దాన్ని త్వరగా పడుతుంది. తర్వాత మీరు మాట్లాడే వేగంతోనే ఒకసారి చదవండి, మరీ సాగదీయకండి. రెండోసారి ఇద్దరూ కలిసి చదవండి, మీ గొంతు ఒక్క క్షణం ముందుండాలి. మూడోసారి మీరు ఒక వాక్యం, బిడ్డ అదే వాక్యం.

రెండో రోజు: ఇద్దరూ కలిసి ఒకసారి, ఒంటరిగా ఒకసారి. కలిసి చదివేటప్పుడు బిడ్డ గొంతు గట్టిపడుతుంటే మీరు మెల్లగా తగ్గించి ఆపేయండి. తడబడితే మళ్ళీ కలవండి.

మూడో రోజు: ఒంటరిగా రెండుసార్లు. మొదటిసారి తప్పుల కోసం, రెండోసారి గొంతు కోసం.

నాలుగో రోజు: ఎవరికైనా వినిపించాలి. నాయనమ్మకో, తమ్ముడికో, ఫోన్లో ఊళ్ళో ఉన్న తాతయ్యకో. వినేవాళ్ళు ఉన్నప్పుడు మళ్ళీ మళ్ళీ చదవడానికి ఒక కారణం దొరుకుతుంది. అది లేకపోతే నాలుగోసారికి పిల్లలకు విసుగొస్తుంది, రావడం సహజం.

ఐదో రోజు పాత ముక్కల్లోంచి బిడ్డ కోరింది చదవనివ్వండి.

వేలు పెట్టి చదివించే అలవాటు గురించి ఒక మాట. తెలుగులో వేలు సరిగ్గా అక్షరం కింద పెడితే ఒత్తు దాని చాటున పడిపోతుంది. చదవడంలో ఎక్కువ చిక్కు పెట్టేదే ఒత్తు, దాన్నే మనం కప్పేస్తున్నాం. వేలికి బదులు పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుని చదువుతున్న పంక్తికి *పైన* పెట్టండి. చదివేసిన పంక్తులు కప్పబడతాయి, కింది ఒత్తులు, రాబోయే పంక్తి తెరిచి ఉంటాయి. కన్ను ముందుకు జరగడానికి దారి ఉంటుంది.

ఒత్తు దగ్గర అసలేం జరుగుతోంది

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఇంట్లో చదివించేవాళ్ళకు అంతుబట్టనిది ఇదే, “ఎన్నిసార్లు చెప్పినా” అని కోపం వచ్చేదీ ఇక్కడే.

‘చూస్తోంది’లో రెండో అక్షరం చూడండి. కంటికి ముందు ‘సో’ కనిపిస్తుంది, దాని కింద త ఒత్తు. కన్ను చూసిన వరుసలో పలికితే ‘సోత’ అవుతుంది. నోరు పలకాల్సింది మాత్రం స్, త్, ఓ. అంటే ఓత్వం రాసేది స మీద, పలికేది త తర్వాత. పైనున్న అక్షరాన్ని సగంలో ఆపి, కిందికి దిగి ఒత్తును పట్టుకుని, మళ్ళీ పైకెక్కి అచ్చును తెచ్చుకోవాలి. పెద్దవాళ్ళం ఈ దిగుడూ ఎక్కుడూ గమనించం. బిడ్డ ‘ఎకిక’ అన్నప్పుడు అజాగ్రత్తగా లేదు, కనిపించినది కనిపించినట్టు చదువుతోంది. ఈ సంగతి తెలిస్తే మీ కోపం పోతుంది, నేర్పే దారి కూడా దొరుకుతుంది.

ఆ దారి ఇది. మూడు చిన్న కాగితాలు తీసుకోండి. ఒకదాని మీద ‘క్’, రెండోదాని మీద ‘క’, మూడోదాని మీద గుడి గుర్తు. ‘క్’ చూపించి అక్కడే నోరు ఆపించండి, అచ్చు కలపనివ్వకండి. దాని పక్కన ‘క’ పెట్టి ‘క్‌...క’, త్వరగా ‘క్క’. ఇప్పుడు గుడి తెచ్చి ‘క్‌...కి’, ‘క్కి’. తర్వాత అదే అక్షరాన్ని అసలు రూపంలో రాసి చూపించండి. వెంటనే మాటల్లోకి వెళ్ళండి: అక్క, ఎక్కి, ముక్కు, చుక్కే. ఒత్తు అదే, అచ్చు మారుతోంది. ఇలా నాలుగైదు మాటలు వరుసగా చదివిస్తే ఒత్తు స్థిరంగా నిలబడుతుంది. రోజుకు ఒక ఒత్తు చాలు, మూడు నిమిషాల పని.

వరుస ఇలా పాటించండి. ముందు అక్షరానికి అదే ఒత్తు ఉండే ద్విత్వాలు: క్క, ట్ట, ప్ప, డ్డ, ద్ద, చ్చ, వ్వ. గ్గ, డ్డ, ప్ప లాంటి వాటిలో అక్షరం తలకట్టు తీసేస్తే అదే ఒత్తు, కాబట్టి పోల్చుకోవడం తేలిక. తర్వాత రూపం పూర్తిగా మారిపోయేవి: త, న, మ, య, ర, ల ఒత్తులు. వీటిని ఊహించి పట్టుకోలేరు, బొమ్మలా గుర్తుపెట్టుకోవాల్సిందే. అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల అనే ఆరు మాటలు ఒక అట్ట మీద పెద్దగా రాసి గోడకు అంటించండి. సందేహం వచ్చినప్పుడు బిడ్డే వెళ్ళి చూసుకుంటుంది. ఆ తర్వాత సంయుక్తాక్షరాలు: ప్ర, ద్ర, స్త, ర్త, ర్మ, ద్య. చివరికి ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మూడంతస్తులవి. వీటికి తొందరేం లేదు.

క్రావడి, అంటే ర ఒత్తు విషయంలో ఒక చిక్కు ఉంది. కొన్ని పుస్తకాల్లో అది అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకుని ఉంటుంది, కొన్నిట్లో కింద విడిగా నిలబడుతుంది. ఎడమ నుంచి మొదలైతే పిల్లలు ర ముందు పలికేస్తారు. రెండు రూపాలూ పక్కపక్కన రాసి రెండూ ఒకటేనని చెప్పండి. అలాగే ‘వెళ్లాడు’, ‘వెళ్ళాడు’ రెండూ అచ్చులో కనిపిస్తాయి. ఏది చూసినా పలికేది ఒకటే.

ఒత్తులు నెమ్మదిగానే వస్తాయి. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడం మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూస్తే, అక్షర సముదాయమంతా పట్టుబడటానికి పిల్లలకు ప్రాథమిక బడి తొలి ఏళ్ళు దాటి కూడా సమయం పడుతోందని తెలుస్తుంది. 26 అక్షరాలతో ముగిసే ఇంగ్లీషుతో పోల్చి “అది వచ్చింది, ఇదెందుకు రాదు?” అనడం న్యాయం కాదు.

మిగతా గుంపులు

పోలిక అక్షరాలను ఒకేరోజు కలిపి నేర్పకండి. ముందు ప గట్టిపడాలి, నాలుగైదు రోజుల తర్వాత ష. రెండూ విడివిడిగా వచ్చాక పక్కపక్కన పెట్టి “తేడా ఎక్కడుంది?” అని బిడ్డనే అడగండి. తానుగా వేలు పెట్టి చూపించిన తేడా మరిచిపోరు.

పొట్టి, పొడుగుల తేడాకు జంట మాటలే మందు: నది, నాది, మెడ, మేడ, పడు, పాడు, వడ, వాడ, కొన, కోన. మీరు ఒకటి పలకండి, బిడ్డ సరైన కాగితం పట్టుకోవాలి. ముందు చెవికి తేడా తెలియాలి, కన్ను తర్వాత వస్తుంది. చెవికే తేడా తెలియకపోతే వంద గుణింతాలు రాయించినా లాభం ఉండదు.

సున్నకు సూత్రాలు చెప్పనక్కర్లేదు. అంకె, పంచె, పండు, అందం, పంపు అన్నిట్లోనూ సున్న ఒకటే, పలకడం పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. ‘పమ్‌డు’ అంటే “మనం తినేదాన్ని ఏమంటాం?” అని అడగండి, చాలు. నోటికి తెలిసిన మాటే కాబట్టి తక్షణం దిద్దుకుంటారు.

పొడవు మాటలకు నిచ్చెన కట్టండి. ఒకదాని కింద ఒకటి రాసి కిందికి చదువుతూ రావాలి:

చదువు
చదువుతు
చదువుతున్నా
చదువుతున్నాడు

తెలుగు మాటలకు తోకలు ఎక్కువ. లో, కి, తో, నుంచి, కోసం, కుండా, తున్నాడు, తోంది, నప్పుడు. ఇవి ప్రతి పేజీలోనూ పదేపదే వస్తాయి. ఒక్కో తోకను ఒక్క చూపులో గుర్తుపడితే సగం పొడవు తగ్గినట్టే. కథ పేజీని ఫొటోకాపీ తీసి ‘తోంది’ ఎక్కడెక్కడ ఉందో రంగు పెన్సిల్‌తో గుర్తుపెట్టించండి. ‘ఎదురుచూస్తోంది’ని అప్పుడు ఎదురు, చూ, స్తోంది అని మూడు అంగల్లో దాటేస్తారు.

బిడ్డ ఆగినప్పుడు, తప్పు చదివినప్పుడు

ఆగితే లోపల ఐదు లెక్కపెట్టండి. చాలామంది పెద్దవాళ్ళు ఒకటి కూడా లెక్కపెట్టకుండా మాట అందించేస్తారు, దాంతో పిల్లలు అక్షరం వైపు కాక అమ్మ మొహం వైపు చూడటం మొదలుపెడతారు. ఐదు అయ్యాక మొదటి అక్షరం అందించండి. అయినా రాకపోతే మాట మొత్తం చెప్పేసి, వాక్యం మొదటి నుంచి చదివించండి. మొదటి నుంచి చదవడం ముఖ్యం, లేకపోతే వాక్యం ముక్కలై అర్థం జారిపోతుంది. ఒకే వాక్యంలో మూడుసార్లు ఆగితే ఆ పుస్తకం ఈ రోజుకు బరువు. మీరు చదివి వినిపించండి.

తప్పుల్లో రెండు రకాలున్నాయి. ‘పాలు’ను ‘పలు’ అంటే అర్థం చెడింది. వాక్యం ముగిశాక “పలు తాగాడా?” అని మెల్లగా అడగండి. ‘వెళ్ళాడు’ అని ఉంటే ‘పోయిండు’ అన్నారనుకోండి. ఆ బిడ్డకు అర్థం పూర్తిగా తెలిసింది, ఇంటి మాటలో చెప్పింది. అది తప్పు కాదు. “మన ఇంట్లో పోయిండు అంటాం, పుస్తకంలో వెళ్ళాడు అని రాశారు, చూడు” అంటే సరిపోతుంది. ఇంటి మాట తక్కువదన్న భావం బిడ్డలో కలగనివ్వకండి. చదువు మీద ప్రేమ పుట్టేది ఆ మాటలోంచే.

గొంతు

తప్పులు తగ్గినా ప్రతి మాటా ఒకే ఎత్తులో, బడి రాగం తీస్తూ చదివే పిల్లలుంటారు. వాళ్ళకు ముక్కను ఊపిరికి తగ్గట్టు పెన్సిల్‌తో విడగొట్టి ఇవ్వండి: రాము తాతయ్యతో కలిసి / చెరువుగట్టుకు వెళ్ళాడు. // ఒక్క గీత దగ్గర చిన్న ఆగుడు, రెండు గీతల దగ్గర ఊపిరి. ‘చెరువుగట్టుకు’ తర్వాత ఊపిరి తీసుకుంటే ‘వెళ్ళాడు’ అనాథ అవుతుంది. మూడో రోజుకు గీతలు చెరిపేయండి.

తెలుగులో సంభాషణ చదవడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ‘కొంగ నిద్రపోతోందా?’ అని చదివేటప్పుడు ఆ మాట అన్నది ఎవరో ఇంకా తెలియదు, ‘అని రాము అడిగాడు’ తర్వాత వస్తుంది. అందుకే మొదటిసారి చదివాక “ఎవరన్నారు?” అని అడిగి, రెండోసారి రాము గొంతుతో, తాతయ్య గొంతుతో చదివించండి. మాటలు చెరొకరు పంచుకుంటే ఇంకా బాగా వస్తుంది.

వారానికోసారి కొలత

కొత్త ముక్క మొదలైన రోజు ఒంటరిగా ఒక నిమిషం, నాలుగో రోజు అదే ముక్క ఒక నిమిషం. సరిగ్గా చదివిన మాటల లెక్క రెండూ నోట్‌బుక్కులో పక్కపక్కన రాయండి. ముక్క నిమిషంలోపే అయిపోతే ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. పోలిక ఆ రెండు అంకెల మధ్యే, పక్కింటి పిల్లతో కాదు. గడియారం బిడ్డకు కనబడనివ్వకండి, లేకపోతే ఒత్తులు మింగేసి పరుగెడతారు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతికి కనీసం 60 అని ఉంది. ఆ అంకెను తెలుగు బిడ్డ నెత్తిన యథాతథంగా పెట్టకండి. పై ముక్కనే చూడండి: 34 మాటల్లో 102 అక్షరాలున్నాయి, సగటున మాటకు మూడు. ‘ఎదురుచూస్తోంది’ ఒక మాటే, ‘అది’ కూడా ఒక మాటే. కథ మారితే మాటల పొడవు మారుతుంది, అంకె దానితో పాటే ఊగుతుంది. వేర్వేరు ముక్కలను పోల్చాలంటే అక్షరాల లెక్కే న్యాయమైనది.

దారి తప్పే చోట్లు

నాలుగు రోజులకు ముక్క కంఠస్థం అయిపోవడం మామూలే. చదువుతున్నారా అప్పజెబుతున్నారా తెలియాలంటే చివరి వాక్యం నుంచి మొదటికి చదివించండి, లేదా మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి. చెప్పలేకపోతే ముక్క పొడవు పెంచి, రోజులు తగ్గించండి.

తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి చదివించే అలవాటు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న ఇళ్ళలో, ఎక్కువగా కనిపిస్తోంది. దాంతో కన్ను తెలుగు అక్షరం మీద నిలవడమే మానేస్తుంది. అక్కడి పిల్లలకు అసలు లోటు చాలాసార్లు మాటలదే. గట్టు, కొమ్మ, చెరువు తెలియని బిడ్డకు ముందు కబుర్ల సమయం రెట్టింపు చేయండి.

చివరి ఏడు నిమిషాలు, మీరు చదివి వినిపించేది, ఎప్పుడూ కోసేయకండి. హోంవర్కు ఎక్కువైన రోజున అందరూ ముందు తీసేసేది దాన్నే. బిడ్డ సొంతంగా చదవలేని పెద్ద కథలు, పొడవు వాక్యాలు, కొత్త మాటలు చెవిన పడేది అప్పుడే.

మీకు తెలుగు చదవడం రాకపోయినా ఇందులో చాలా పని మీరు చేయగలరు. వినేవాళ్ళుగా కూర్చోండి, “తర్వాత ఏమైంది?” అని అడగండి, అర్థం కాని చోట “అదేంటి, మళ్ళీ చదువు” అనండి. మొదట చదివి చూపించే పని మాత్రం అక్కో, పక్కింటి వాళ్ళో చేసి పెట్టాలి, లేదా ఫోన్లో రికార్డు చేయించుకోవచ్చు. ఏడు నిమిషాల కథ చదవక్కర్లేదు, మీకు తెలిసిన కథ నోటితో చెప్పండి.

ఎప్పుడు బయట సాయం అడగాలి

మూడు నెలలు క్రమంగా చేశాక కూడా నేర్చిన అక్షరాలు మర్నాటికే మరిచిపోతున్నా, ఎనిమిదేళ్ళు దాటినా రెండక్షరాల మాటలు కూడబలుక్కుంటున్నా, చెప్పిన కథ చక్కగా అర్థం చేసుకునే బిడ్డ చదవడంలో మాత్రం ఉన్నచోటే నిలిచిపోయినా ఆలస్యం చేయకండి. ఇది బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు. డిస్లెక్సియా లాంటి, చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఎదురయ్యే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ముందుగా తరగతి టీచరుతో మాట్లాడండి. ప్రభుత్వ బడులకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే పథకం) బృందాలు ఆరోగ్య పరీక్షలకు వస్తాయి, వాళ్ళు జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపించగలరు. పిల్లల డాక్టరు ద్వారా కూడా నిపుణుల దగ్గరికి వెళ్ళొచ్చు.

వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్కు వెంట తీసుకెళ్ళండి. “సరిగ్గా చదవడు” అన్న మాట కంటే, మూడు నెలల తేదీలతో ఏ అక్షరాన్ని ఏమని చదివాడో రాసి ఉన్న కాగితాలు వాళ్ళకు ఎంతో ఎక్కువ చెబుతాయి.